అత్తయ్యగారి 214 వీణ పాఠాలు, ఒక కుకీ ఫైలు

డిసెంబర్ 9, మంగళవారం. ఆఫీసు నుంచి వచ్చేసరికి అత్తయ్యగారు ఫోన్ పట్టుకుని హాల్లో కూర్చుని ఉన్నారు. "అమ్మాయ్, ఇందులో ఏం రాశారో ఒకసారి చదివి చెప్పు" అన్నారు. 2020 నుంచి ఆవిడ వీణ పాఠాలు చెప్పిన ఆన్‌లైన్ క్లాసుల సైటు వాళ్ల మెయిల్ అది. ఈ నెల 31తో సైటు మూసేస్తున్నాం, మీ రికార్డింగులు కావాలంటే ఈలోపు దించుకోండి, ఆ తర్వాత అన్నీ తీసేస్తాం. అంతే రాశారు.

చదివి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి పొయ్యి మీద పాలు దించి వచ్చారు.

ఆవిడకి రెండేళ్లుగా కీళ్లవాతం. ఎడమ చేతి చూపుడువేలు, నడిమివేలు పూర్తిగా వంగవు. వీణ మీద ఆ రెండు వేళ్లతోనే తీగను మెట్టు మీద నొక్కి పక్కకు లాగాలి. తోడి రాగంలో గాంధార స్వరం ఊగేది ఆ లాగడంలోనే. విజయనగరం నుంచి మా మియాపూర్ ఇంటికి వచ్చేటప్పుడు బొబ్బిలి వీణ కూడా తెచ్చుకున్నారు కానీ ఇప్పుడది గుడ్డ కప్పి గది మూల ఉంది. ఆవిడ వాయించినది మా ఇంట్లో ఒక్క క్యాసెట్టు కూడా లేదు. ఉన్నవల్లా ఆ పాఠాలే. మొత్తం 214, ఒక్కోటి గంటంపావు. అందుకే ఇవి దక్కించుకోవడం నాకు పట్టుదల అయింది.

నేను అకౌంటెంట్‌ని. కంప్యూటర్ అంటే నాకు ట్యాలీ, ఎక్సెల్. డిసెంబర్ 20న జీఎస్‌టీ నెలవారీ రిటర్ను, 31న వార్షిక రిటర్ను. నా ఏడాదిలో ఇంతకంటే ఊపిరాడని నెల ఉండదు. ఇదే నెలలో ఇది వచ్చి పడింది.

మొదటి మూడు రాత్రులు, అంటే 10, 11, 12 తేదీల్లో, చేత్తోనే దించాను. పాఠాల జాబితాలో ఒక్కోదాని పక్కన డౌన్‌లోడ్ బటన్ ఉంటుంది. అన్నీ ఒకేసారి దించే ఏర్పాటు లేదు. ఒక్కో ఫైలు దగ్గర దగ్గర 900 ఎంబీ. మా ఇంట్లో నెట్ ఎంత స్పీడున్నా వాళ్ల సర్వరు సెకనుకు ఒకటిన్నర ఎంబీకి మించి ఇవ్వదు, అంటే ఫైలుకి పది నిమిషాలు. అదీ సాఫీగా వస్తే. 600, 700 ఎంబీ వచ్చాక "నెట్‌వర్క్ ఎర్రర్" అని ఆగిపోతే మళ్లీ సున్నా నుంచి మొదలు. మూడు రాత్రులు ఒంటి గంట దాకా కూర్చుంటే దిగినవి 11. ఈ లెక్కన నెలాఖరుకి సగం కూడా రావు. 12 రాత్రి కళ్లనీళ్లు తిరిగాయి, నిజం చెప్తున్నాను.

13, శనివారం పొద్దున మా మరిది కొడుక్కి ఫోన్ చేశాను. కాకినాడలో బీటెక్ మూడో ఏడు. "పెద్దమ్మా, నువ్వు బ్రౌజర్లో ఎందుకు కష్టపడుతున్నావు, కమాండ్ లైన్లో ఫైళ్లు దించే డబ్ల్యూగెట్ అని ఉంటుంది. లింకుల జాబితా ఇచ్చేసి పడుకో, మధ్యలో తెగినా ఆగిన చోటి నుంచే అందుకుంటుంది" అన్నాడు. మరి లాగిన్ సంగతేంటి అని అడిగితే, బ్రౌజర్ దగ్గరున్న కుకీని ఫైలుగా తీసి దీనికిస్తే చాలన్నాడు. మనం పాస్‌వర్డ్ కొట్టాక సైటు బ్రౌజర్‌కి ఒక చీటీ ఇస్తుందట, అదే కుకీ. ఆ తర్వాత ప్రతి పేజీకీ బ్రౌజర్ ఆ చీటీ చూపిస్తూ పోతుంది. అదే చీటీని డబ్ల్యూగెట్ చూపిస్తే సర్వరు దాన్ని కూడా మనమే అనుకుని ఫైలు ఇస్తుంది. వినడానికి అరగంట పని. నాకు ఎనిమిది రోజులు పట్టింది.

లింకుల పని మాత్రం నిజంగానే తేలిగ్గా అయింది. ఒక లింకును కాపీ చేసి చూస్తే చివర పాఠం నంబరు ఉంది. జాబితా 11 పేజీలు. నంబర్లన్నీ ఎక్సెల్లోకి తెచ్చుకుని ముందు భాగం ఫార్ములాతో అతికిస్తే 214 లింకులూ పది నిమిషాల్లో తయారు.

చిక్కులు ఆ తర్వాత మొదలయ్యాయి. విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ కిటికీ తెరిచి డబ్ల్యూగెట్ అని కొడితే ఏదో పనిచేస్తున్నట్టే ఉండి ఎర్ర అక్షరాల్లో పేజీడు ఎర్రర్లు. గంట సేపు నేను ఏదో తప్పు కొడుతున్నాననుకున్నాను. విండోస్‌తో వచ్చే పాత పవర్‌షెల్‌లో డబ్ల్యూగెట్, దానిలాగే ఫైళ్లు దించే కర్ల్, ఈ రెండు పేర్లూ మైక్రోసాఫ్ట్ వాళ్ల వేరే కమాండుకి మారుపేర్లట. అసలు డబ్ల్యూగెట్ విండోస్‌లో ఉండదు, విడిగా దించుకోవాలి. పాత కమాండ్ ప్రాంప్ట్‌లోకి మారాక ఆ గొడవ పోయింది. అక్కడ ఇంకొకటి: లింకులో అండ్ గుర్తు (&) ఉంటే మొత్తం లింకుకి కొటేషన్ గుర్తులు పెట్టి తీరాలి. లేకపోతే అండ్ గుర్తు దగ్గరే లింకు తెగిపోయి మిగతాది వేరే కమాండ్ అనుకుంటుంది.

ఇక కుకీ తీయడం. పిల్లాడు ముందు వైటీ-డీఎల్‌పీ అనే ఇంకో సాధనం ప్రయత్నించమన్నాడు. అది కుకీలను నేరుగా బ్రౌజర్లోంచే చదువుకుంటుందట. నాది క్రోమ్. విండోస్‌లో క్రోమ్ 2024 నుంచి కుకీలకు కొత్త తాళం వేసింది కాబట్టి బయటి ప్రోగ్రాములు వాటిని విప్పలేవు. కుదర్లేదు. "అయితే కుకీలు ఎగుమతి చేసే యాడ్-ఆన్ ఏదైనా వేసుకో" అన్నాడు. బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము అది. వేసుకున్నాను. ఎగుమతి నొక్కాను. ఒక టెక్స్ట్ ఫైలు వచ్చింది. డబ్ల్యూగెట్‌కి ఇస్తే ఏవేవో తప్పులు. "ఆ ఫైలు ఇటు పంపు పెద్దమ్మా, చూస్తాను" అన్నాడు. వాట్సాప్‌లో పంపేశాను. హడావుడిలో వాడికి కాకుండా మా ఇంటివాళ్ల గ్రూపుకి. అందులో 19 మంది ఉన్నాం.

వాడు నిమిషంలో ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, ముందు అది డిలీట్ చెయ్. అందరికీ డిలీట్ అని నొక్కు." ఎందుకో అప్పుడు చెప్పాడు. నేను ఆ ఒక్క సైటు కుకీలు తీశాననుకున్నాను. యాడ్-ఆన్‌లో రెండు బటన్లున్నాయి, ఈ సైటువి మాత్రమే, అన్నీ. నేను నొక్కింది రెండోది. ఆ ఫైల్లో 1,900 పైచిలుకు లైన్లు. నా మెయిల్, ఆఫీసు మెయిల్, కొనుగోళ్ల సైట్లు, అన్నిటి చీటీలూ. అది చేతికి దొరికినవాడికి పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, నేరుగా నా మెయిల్లోకి వెళ్లిపోవచ్చు. నా మెయిల్లో నలభై మంది క్లయింట్ల కాగితాలున్నాయి. చేతులు చల్లబడిపోయాయి.

ఆ సాయంత్రమంతా దానికే సరిపోయింది. ప్రతి ఖాతాలోకీ వెళ్లి "అన్ని డివైజుల నుంచీ లాగౌట్" కొట్టాను, పాస్‌వర్డులు మార్చాను. లాగౌట్ చేస్తే సర్వరు ఆ పాత చీటీని రద్దు చేస్తుంది కాబట్టి ఫైలు ఎవరి దగ్గరున్నా పనికిరాదు. ఆఫీసులో మా సార్‌కి కూడా ఫోన్ చేసి ఇలా జరిగిందని చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఆయన తిట్టలేదు, ఐటీ వాళ్లతో మాట్లాడి ఆ ఖాతా సరిచేయించారు. యాడ్-ఆన్ల గురించీ అప్పుడే ఒక మాట విన్నాను. ఇలా కుకీలు తీసిపెట్టే ఒకదాన్ని 2023లో క్రోమ్ స్టోర్ నుంచి తీసేశారట, ఆ కుకీలు బయటికి పంపుతోందన్న ఫిర్యాదుల మీద. కుకీలు ఎగుమతి చేసే యాడ్-ఆన్ అంటే మన తాళాలన్నీ చూడగలిగినది. పని అయ్యాక నాది తీసేశాను.

14, ఆదివారం. ఈసారి జాగ్రత్తగా చేశాను. ప్రైవేట్ విండో తెరిచి అందులో ఈ ఒక్క సైటులోకే లాగిన్ అయ్యాను. (ప్రైవేట్ విండోలో యాడ్-ఆన్ కనిపించదు. సెట్టింగుల్లోకి వెళ్లి విడిగా అనుమతి ఇవ్వాలి.) ఈ సైటువి మాత్రమే అని తీస్తే తొమ్మిది లైన్లు. డబ్ల్యూగెట్‌కి ఇచ్చాను. ఒక్క సెకనులో "సేవ్డ్" అంది. 900 ఎంబీ ఒక్క సెకనులోనా? చూస్తే ఫైలు 14 కేబీ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అది వీడియో కాదు, సైటు లాగిన్ పేజీ. సర్వరు నన్ను గుర్తుపట్టక లాగిన్ పేజీకి మళ్లించింది, డబ్ల్యూగెట్ దాన్నే పాఠం పేరుతో బుద్ధిగా దాచింది. ఎక్కడా ఎర్రర్ లేదు.

ఎందుకిలా అని రెండు గంటలు. తీరా చూస్తే నేను అలవాటుకొద్దీ ప్రైవేట్ విండోలో లాగౌట్ కొట్టి మరీ మూశాను. బ్యాంకు సైట్లతో రోజూ పని, లాగౌట్ చెయ్యకుండా మూయడం నా చేతికి రాదు. నిన్న నన్ను కాపాడిన లాగౌటే ఇవాళ నా చీటీని రద్దు చేసింది. మళ్లీ లాగిన్, మళ్లీ ఎగుమతి, ఈసారి లాగౌట్ లేకుండా విండో మూసేశాను. మళ్లీ 14 కేబీ.

అప్పుడు ఆ తొమ్మిది లైన్లనూ ఎక్సెల్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో లైనులో ఏడు గడులు, మధ్యలో ట్యాబులు: సైటు పేరు, ఉపసైట్లకు వర్తిస్తుందా లేదా, దారి, భద్రమైన కనెక్షన్ కావాలా, గడువు, కుకీ పేరు, దాని విలువ. (ఎడిటర్‌లో తెరిచినప్పుడు ట్యాబులు స్పేసులుగా మారిపోతే ఫైలు ఎందుకూ పనికిరాదని కూడా అప్పుడే తెలిసింది.) వాటిలో రెండు లైన్ల మొదట్లో హ్యాష్ గుర్తు (#), దాని వెంటే "హెచ్‌టీటీపీ ఓన్లీ" అని ఉంది. పిల్లాడికి ఆ లైన్లు చదివి వినిపిస్తే గతుక్కుమన్నాడు. హ్యాష్‌తో మొదలయ్యే లైనును డబ్ల్యూగెట్ వట్టి వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది. అసలు లాగిన్ చీటీ ఆ రెండు లైన్లలోనే ఉంది. కర్ల్ మాత్రం ఆ గుర్తును అర్థం చేసుకుని చదువుతుందట. విండోస్ 10కి 2018లో వచ్చిన అప్‌డేట్ నుంచి అసలు కర్ల్ సిస్టంలోనే ఉంటుంది, ఏదీ దించక్కర్లేదు.

15, సోమవారం రాత్రి 9:20కి, మళ్లీ లాగిన్ అయి తీసిన కుకీ ఫైలును మైనస్ బి (-b) ఆప్షన్‌తో కర్ల్‌కి ఇచ్చి, పక్కన దించినది దాచాల్సిన ఫైలు పేరు, కొటేషన్లలో లింకు ఇచ్చి ఎంటర్ కొట్టాను. అంకెలు కదిలాయి. 1 శాతం, 2 శాతం. తొమ్మిదిన్నరకి 912 ఎంబీ. వీడియో తెరిస్తే అత్తయ్యగారు శ్రుతి చూసుకుంటూ "వినిపిస్తోందా అమ్మా, అందరికీ?" అంటున్నారు. అత్తయ్యగారిని పిలిచి చూపించాను. "అది మన విజయనగరం ఇంట్లో ముందు గది కదూ" అన్నారు. ఆ ఇల్లు పోయినేడు అమ్మేశాం.

16 రాత్రి అన్నిటికీ కలిపి ఒక బ్యాచ్ ఫైలు (కమాండ్లను వరసగా నడిపించే టెక్స్ట్ ఫైలు) చేశాను, ఎక్సెల్లోంచే, పాఠానికొక లైను. ఫైళ్లకు తెలుగు పేర్లు పెడదామనుకున్నాను కానీ బ్యాచ్ ఫైల్లో అక్షరాలు చెదిరిపోయాయి. నంబర్లే పెట్టి, పేర్ల జాబితా విడిగా ఉంచుకున్నాను. లింకులో పర్సంటేజి గుర్తు (%) ఉంటే బ్యాచ్ ఫైల్లో దాన్ని రెండుసార్లు కొట్టాలని కూడా ఇక్కడే తెలిసింది. మళ్లీ లాగిన్ అయి కొత్త కుకీ తీసి, 10:40కి నడిపించి పడుకున్నాను. ధనుర్మాసం మొదలైన రోజు అది, అత్తయ్యగారు నాలుగున్నరకే లేస్తారు. ఆవిడే నన్ను లేపారు. "అమ్మాయ్, అది ఆగిపోయింది, అన్నీ వచ్చేశాయా?"

అన్నీ వచ్చినట్టే ఉంది. ఫోల్డర్లో 214 ఫైళ్లు. సైజుల వారీగా పేరిస్తే మొదటి 24 సరైనవి. 25 నుంచి 214 దాకా 190 ఫైళ్లూ సరిగ్గా 14 కేబీ. చివరి మంచి ఫైలు టైము 2:37.

నాలుగు గంటలు. అక్కడే అనుమానం వచ్చింది. కుకీ ఫైల్లో గడువు గడిలో పదంకెల సంఖ్య ఉంటుంది. 1970 జనవరి 1 నుంచి ఎన్ని సెకన్లో ఆ లెక్క. ఎక్సెల్లో దాన్ని 86,400తో భాగించి, 1970 జనవరి 1 తేదీకి కలిపి, మన టైముకి అయిదున్నర గంటలు చేరిస్తే మామూలు తేదీ వస్తుంది. లాగిన్ చీటీ గడువు నేను లాగిన్ అయినప్పటి నుంచి సరిగ్గా నాలుగు గంటలు. మరి బ్రౌజర్లో పగలంతా లాగిన్ పోదే? ఈ ప్రశ్న పట్టుకుని 17 సాయంత్రం ఆఫీసు పని పక్కన పెట్టి కూర్చున్నాను. మనం సైటు వాడుతున్నంతసేపూ సర్వరు చీటీకి కొత్త గడువు వేసి తిరిగిస్తూ ఉంటుందట. బ్రౌజర్ ఆ కొత్తదాన్ని చడీచప్పుడు లేకుండా దాచుకుంటుంది. కర్ల్‌కి మైనస్ బి మాత్రమే ఇస్తే ఫైలును చదువుతుంది తప్ప కొత్తది రాసుకోదు. చిన్న సి (-c) ఆప్షన్ కూడా ఇచ్చి అదే ఫైలు పేరు చెప్తే, పని అయ్యాక కొత్త గడువుతో తిరిగి రాస్తుంది. నా బ్యాచ్‌లో పాఠానికొక కర్ల్ కాబట్టి పది నిమిషాలకోసారి చీటీ తాజాగా అవుతుంది. ఈ ఒక్క ఆప్షన్ నాకు ఎవరైనా మొదటి రోజే చెప్పి ఉంటే!

17 రాత్రి మళ్లీ మొదలుపెట్టి, 25వ పాఠం వచ్చాక సైజు చూశాను. సైటులో చూపించినంతే ఉంది, ఒక్క బైటు తేడా లేదు. కానీ వీడియో తెరుచుకోదు. గుండె జారిపోయింది. పిల్లాడు చెప్పాక అర్థమైంది. ఆగిన చోటి నుంచి అందుకోమని క్యాపిటల్ సి (-C) ఆప్షన్ పెట్టాను. అక్కడ పాత 14 కేబీ లాగిన్ పేజీ ఆ పేరుతోనే ఉంది. కర్ల్ దాన్ని పాఠంలో మొదటి 14 కేబీ అనుకుని, మిగతా వీడియోను దాని వెనక అతికించింది. మొత్తం సైజు సరిపోతుంది, తల మాత్రం వేరే. ఆ 14 కేబీ ఫైళ్లన్నీ, పాడైన 25వదీ చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. అప్పటి నుంచి సైజు చూసి ఊరుకోలేదు, ప్రతి ఫైలూ తెరిచాను.

18, గురువారం రాత్రి 9కి మొదలైన పరుగు ఇక ఆగలేదు. ల్యాప్‌టాప్ నిద్రలోకి పోకుండా సెట్టింగు మార్చాను, మూత మూయకుండా దేవుడి గది పక్క బల్ల మీద పెట్టాను. అత్తయ్యగారు తెల్లవారుజామున పూజకు లేచినప్పుడల్లా నంబరు చూసి చెప్పేవారు. 19 పొద్దున "72" అన్నారు. 20న రిటర్నుల పని నడుమ ఫోన్ చేసి అడిగితే "అయిపోయినట్టుంది అమ్మాయ్, గీత ఒక్కటే మెరుస్తోంది" అన్నారు. పొద్దున అయిదింటికే పూర్తయింది. మొత్తం 190 జీబీ.

ఖర్చు చెప్తాను. ఒక టీబీ బయటి డిస్కు 5,400 రూపాయలు. ఆవిడ ఖాతా గడువు 15తో తీరిపోతుంటే ఇంకో నెలకు కట్టింది జీఎస్‌టీతో కలిపి 1,180. సైటు మూసేసేవాళ్లు ఆ నెల డబ్బు అడగడం నాకు బాధ కలిగించింది. కుకీ ఎంత చక్కగా ఉన్నా ఖాతా చెల్లకపోతే ఫైలు రాదు కాబట్టి కట్టేశాను. సాధనాలకు పైసా ఖర్చు లేదు.

21న సైటులోకి వెళ్లి లాగౌట్ కొట్టాను, కుకీ ఫైలు, దాని నకళ్లు రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేశాను. డౌన్‌లోడ్స్ ఫోల్డరు నా క్లౌడ్ ఖాతాకి తనంతట తానే నకలు అవుతోందని అప్పుడు గమనించి, అక్కడ ఉన్నదీ తీసేశాను.

ఆ తర్వాత వారమంతా రాత్రి భోజనాలయ్యాక పాఠాలు తెరిచి చూడడమే. మొదట్లో, నడుమ, చివర తలా నిమిషం. నేను తెరుస్తుంటే అత్తయ్యగారు చెప్పేవారు, ఇది ఫలానా అమ్మాయికి చెప్పింది, ఈ రోజు వాన, తీగలు దిగిపోయాయి చూడు అని. 212 బాగున్నాయి. 137, 188 రెండింటిలో బొమ్మ ఉంది, శబ్దం లేదు. మళ్లీ దించి చూశాను, సైటులోనే ఆడించి చూశాను, అక్కడా అంతే. రికార్డింగు రోజునే మైకు పనిచేసినట్టు లేదు. 188లో చెప్పింది తోడి. గాంధారం మీద ఆవిడ వేలు తీగను లాగడం కనిపిస్తుంది, వినిపించదు. ఆ పాఠంలో ఉన్న శిష్యురాలు ఇప్పుడు డాలస్‌లో ఉంటుంది. 29 రాత్రి అత్తయ్యగారే ఆమెకు ఫోన్ చేశారు. అప్పట్లో సాధనకని ఫోన్లో రికార్డు చేసుకునేదాన్నని, పాత ఫోన్ ఎక్కడో ఉందని, వెతికి చెప్తానని అంది.